తట్టుడు బావికి రెండు చుక్కలు

ఇది అబద్ధమని అనేటోడు ఎవడన్నా ఉంటె ఇప్పుడే లేచి పోవచ్చు, తలుపు తెరిచే ఉన్నది. కాకపోతె ఒక్క షరతు. ఒంటరిగ పోవాలె. రాత్రి పది దాటినంక పోవాలె. మెట్‌పల్లిల పాత పిండి గిర్ని ఎనుక సందులకెళ్ళి పోవాలె... ఏమైంది? ఒక్కడు గూడ లేస్తలేడేంది? అయితె కూసోండ్రి. కూసొని వినుండ్రి.

ఆ సందు నాలుగడుగుల వెడల్పు. ఇద్దరు ఎదురుపడితె ఒకడు గోడకు అంటుకొని నిలబడాలె. ఒకదిక్కు కూలిన గిర్ని గోడ, ఇంకోదిక్కు ఒక పెంకుటిల్లు. సందు చివరికి పోతె బావి. దాని మీద మూడు బండలు కప్పిండ్రు గాని, బండకు బండకు నడుమ బొటనవేలు పట్టేంత సందు విడిచిండ్రు. అందులకెళ్ళి తొంగి చూస్తె ఏం కనబడదు. వాసన మాత్రం వస్తది... ఎన్నడో నిలిచిపోయిన నీళ్ళ వాసన.

దాని పేరు తట్టుడు బావి.

పదేండ్ల సంది రోజూ రాత్రి పది దాటినంక ఆ బావి లోపటికెళ్ళి చప్పుడు. టక్... టక్. రెండే సార్లు. లోపల ఎవరో చిక్కుకొని, బయటోళ్ళను జర తియ్యుండ్రని తట్టినట్టు.

ఒక పాలాయన రాత్రిపూట అటు పోతు, పరాచికానికి "ఎవర్రా?" అన్నడట. తెల్లారేసరికి ఆయన ఏడు బర్రెలు — ఏడెక్కడివి, పదకొండు — పాలకు బదులు నీళ్ళిచ్చినయి. అంతకు ముందు ఆ పాలల్ల నీళ్ళు ఎవరు కలిపిండ్రని మాత్రం అడగొద్దు. ఇంకొక బ్యాండాయన పెండ్లి ఊరేగింపు అయిపోయి వస్తు, బావి తట్టంగనే తన డోలు మీద రెండు దెబ్బలు తిరిగి కొట్టిండు. ఆరు నెలలు మాట పడిపోయింది. ఆరు నెలలంటె గది గూడ తగ్గించి చెప్పిన మాటే.

అప్పటిసంది ఆ వాడల పుట్టిన పిల్లకు అవ్వ, బాపు అనుడు నేర్పకముందే ఒక మాట నేర్పేటోళ్ళు. బావి తట్టితె పలుకొద్దు.

అసొంటి బావిని ఆనుకొని ఉన్న ఆ పెంకుటింట్లకు కిరాయికి దిగిండు సదానందం, భార్య వినోదను తీసుకొని. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు సొంతిల్లు పోయింది. వేరే ఎక్కడ ఇల్లు దొరకలే.

సదానందం అంటె ఎవరు? అరవై ఆరేండ్ల రేడియో మెకానిక్. దుకాణం మూసేసి ఏండ్లయింది గాని, ఆయనకు సర్కారు ఇచ్చిన హ్యాం లైసెన్సు ఉన్నది. అంటె ఇంట్ల కూసొని, సొంత రేడియో పెట్టుకొని, లోకంల ఎవనితోనన్నా మాట్లాడుకునే ఇజాజత్. సొంతింటి కాడ రెండు తాటిచెట్ల నడుమ నూట ముప్పై అడుగుల తీగ గుంజి ఏంటెనా కట్టిండు. ఆ తీగ ఎసొంటిదంటె, సముద్రాల అవతల ఎవడన్నా తుమ్మితె మెట్‌పల్లిల సదానందం "చిరంజీవ" అనేటోడు. అది గూడ నోటితోని కాదు, వేలితోని. చుక్కలు, గీతలు. టెలిగ్రాఫ్ భాష. కీ అంటె ఆ చుక్కలు, గీతలు కొట్టే మీట. దాని మీద వేలు పెడితె ఆకాశంల కాకులు గూడ ఆగి వినేటివి.

ఆయనకు ఒక్కడే దోస్తు. నిర్మల్‌ల గడియారాలు బాగుచేసే మక్బూల్. ముప్పై ఒక్క ఏండ్లు — వాన కొట్టని, ఎండ కొట్టని — రాత్రి పదికి ఇక్కడ సదానందం, అక్కడ మక్బూల్. మక్బూల్ తన కీ తానే చేసుకున్నడు. పాత గోడ గడియారం ఇత్తడి తోటి మీట. కింద పీటకు బొమ్మలు చేసే పొనికి కర్ర, దాని మీద రంగులతోని పచ్చ చిలుక బొమ్మ. ఒక్కొక్కని చెయ్యి ఒక్కొక్క తీరు ఉంటది. మక్బూల్ చెయ్యి గీతను జర సాగదీసి విడిచేది, పాన్ నములుకుంట మాట్లాడినట్టు. వెయ్యి మందిల విన్నా సదానందం గుర్తుపట్టేటోడు.

హ్యామోళ్ళకు ఒక రివాజు ఉన్నది. ముచ్చట అయిపోయినంక ఒకడు రెండు చుక్కలు కొడతడు — డిట్ డిట్. అవతలోడు రెండు చుక్కలు తిరిగి కొడతడు — డిట్ డిట్. "పోయొస్త మరి." "మంచిది, పోయిరా." గంతే. ఆ రెండు చుక్కలు తిరిగి రాకపోతె ముచ్చట అయిపోనట్టు. తలుపు తెరిచి పెట్టి మనిషిని వాకిట్ల నిలబెట్టినట్టు.

ఇగ ఇక్కడ్నే కథ చెడింది.

సొంతిల్లు పోయినంక తాటిచెట్లు పోయినయి, తీగ పోయింది. సదానందం మనసు చెడిపోయి మూల కూసున్నడు. మక్బూల్ ఫోన్ చేసిండు.

"అరే సదా, కుర్చీ వేసుకునే జాగ ఉంటె చాలు. నిలువు ఏంటెనా పెట్టు."

"నూట ముప్పై అడుగులు గుంజినోన్ని! ఇప్పుడు చేపలు పట్టే గాలమసొంటిది పట్టుకొని సందుల కూసోవాల్నా?"

"కూసో. చేప నేనే గదా, వచ్చి పడ్త."

సదానందం ఫోన్ పెట్టేసిండు. మక్బూల్ ఊకోలే. పదడుగుల అల్యూమినియం గొట్టం మూడు ముక్కలు చేసి, నడుమ తెల్ల పైపు మీద రాగి తీగను గడియారం స్ప్రింగు లెక్క చుట్టుకు చుట్టు తాకకుంట చుట్టి, బస్సుకు పార్సిల్ వేసిండు. దాంట్ల ఒక చీటి పెట్టిండు — "నీ గర్వం పట్టని జాగల గూడ ఇది పడ్తది."

ఆ చీటి సదానందానికి ముల్లు లెక్క గుచ్చుకున్నది. పార్సిల్‌ను అట్లనే సజ్జ మీదికి ఇసిరేసిండు.

ఆ రాత్రి పదికి మక్బూల్ పిలిచిండు.

కిటికీకి కట్టిన వైరు ముక్కకు గూడ మక్బూల్ సాఫ్‌గ వినబడ్డడు. సదానందం చెవులకు హెడ్‌ఫోన్, చెయ్యి కీ మీద. బదులిస్తె చేరేదే. పిలిచిండు మక్బూల్... మళ్ళ పిలిచిండు... పది నిమిషాలు పిలిచిండు. సదానందం వేలు కదపలే. పిలువు, ఇంకా పిలువు, అనుకున్నడు. ఆఖరికి రెండు చుక్కలు వచ్చినయి. డిట్ డిట్. జర ఆగి మళ్ళ — డిట్ డిట్.

సదానందం హెడ్‌ఫోన్ తీసేసి లైటు ఆర్పిండు. గోడ గడియారంల పది గంటల పన్నెండు నిమిషాలు.

తెల్లారంగ ఫోన్ మోగింది. మక్బూల్ లేడు.

* * *

నలభయ్యో దినం, పోయినోని పేరు మీద చదివించే ఫాతెహాకు సదానందం నిర్మల్ పోయిండు. మక్బూల్ భార్య ఖుర్షీద్ తలుపు కాడ నిలబడి, మెల్లగ చెప్పింది.

"ఆ రాత్రి కీ ముందర్నే కూసున్నరు భయ్యా. పండుకోండ్రి అన్న. 'సదా బదులిస్తడు, అప్పుడు పండుకుంట' అన్నరు. నాకు నిద్ర వచ్చింది... పొద్దుగాల చూస్తె అట్లనే కూసొని ఉన్నరు. చెయ్యి కీ మీదనే ఉన్నది."

సదానందం చెప్పులు విడువబోయి ఆగిండు.

"మీకు వినబడలేదా భయ్యా?"

"లేదు భాబీ... ఏంటెనా లేకుండె గదా."

"నేను గూడ గదే అనుకున్న. వినబడితె పలుకకుంట ఉంటరా మీరు?" కొంగు సర్దుకున్నది ఖుర్షీద్. "నాకైతె ఆ దినం సంది నిద్ర లేదు. పది దాటితె చాలు, ఎవరో కూసొని ఎదురుచూస్తున్నట్టే ఉంటది."

బస్సుల కూసున్న సదానందం గోదావరి వంతెన దాటింది చూడలే, దిగే ఊరు వచ్చింది గూడ చూడలే. కండక్టరే భుజం తట్టి దింపిండు. ఇంటికి రాంగనే నిచ్చెన వేసుకొని సజ్జ మీది పార్సిల్ దించిండు.

తెల్లారి పొద్దంత పని చేసిండు. నాలుగడుగుల సందుల, బావి బండను ఆనుకొని గొట్టం నిలబెట్టిండు. మనిషి మీద మనిషి నిలబడ్డంత ఎత్తు, గంతే. నిలువు ఏంటెనాల కండ్లకు కనబడేది సగమే. తక్కిన సగం దాని కాళ్ళ కింద, నేల మీద ఎడ్లబండి చక్రం ఆకుల లెక్క పరిచే రాగి తీగలు. అవి లేకపోతె అది ఒంటికాలి మనిషి, నడువలేదు. పరుద్దామంటె సందుల జాగ ఏది? నాలుగు తీగలను గోడ ఎంబడి పరిచిండు. ఇంకా నాలుగు మిగిలినయి.

సదానందం బావి దిక్కు చూసిండు. ఒక్కొక్క తీగ కొసకు ఒక్కొక్క పాత నట్టు కట్టిండు. బండల సందులకెళ్ళి ఒక్కొక్కటే లోపటికి విడిచిండు... తీగ పోతనే ఉన్నది, పోతనే ఉన్నది... ఎక్కడ్నో కింద నట్టు నీళ్ళను తాకింది. బుడుంగ్.

వినోద వాకిట్ల నిలబడి చూస్తున్నది. "ఏందయ్యా, దయ్యానికి ముక్కుతాడు వేస్తున్నవా?"

"నీళ్ళల్ల పడితె మంచిగ పట్టుకుంటది."

"ఏం పట్టుకుంటది? నువ్వు దాన్నా, అది నిన్నా?"

సదానందం తీగల ఇంకో కొసలను గొట్టం మొదట్ల బిగించిండు.

* * *

అమాస దగ్గరబడ్డ చలి రాత్రి. కుక్క గూడ మొరుగుత లేదు. తొమ్మిదిన్నరకే వాడ వాడంత తలుపులు బిగించుకున్నది. లోపలి అర్రల సదానందం రేడియో పెట్టిండు, పక్కన బ్యాటరీ, ముందర కీ. వినోద దుప్పటి కప్పుకొని మంచం అంచుకు కూసున్నది. కిటికీలకెళ్ళి చూస్తె సందుల గొట్టం, చీకట్ల ఇంకింత నల్లగ.

పది.

హెడ్‌ఫోన్‌ల ఒక్కటే హోరు. ఎక్కడ్నో వాన పడుతున్నట్టు. ఆ హోరుల చుక్క లేదు, గీత లేదు. మక్బూల్ పేరు మీద ఒక్కసారి పిలిచి, తన రెండు చుక్కలు కొట్టి మొక్కుదామని వచ్చి కూసున్నడు సదానందం. కాని వేలు లేస్త లేదు. ఏమని కొట్టాలె? ఎవనికి కొట్టాలె?

పది దాటి ఐదు... ఎనిమిది... పది...

టక్... టక్.

బావి.

చప్పుడు బయట బావిలకెళ్ళి వచ్చింది. కాని సదానందం వెంట్రుకలు నిక్కబొడిచింది అందుకు కాదు. అదే గడియల, అదే తీరుగ, హెడ్‌ఫోన్ లోపల — టిక్ టిక్.

రెండు చుక్కలు.

వినోద చెయ్యి గుండెల మీదికి పోయింది. ఇన్ని దినాల సంది విన్న చప్పుడే, రెండే సార్లు కొట్టి ఊకునే చప్పుడు. ఇప్పుడు ఆగిపోవాలె.

ఆగలే.

జర సేపు నిశ్శబ్దం... మళ్ళ — టక్... టక్. చెవిల — టిక్ టిక్.

రెండు. ఆగి, మళ్ళ రెండు. ఆ రాత్రి మక్బూల్ కొట్టినట్టు. సరిగ్గ అట్లనే.

సదానందం చెయ్యి కీ మీదికి పోయింది. వినోద లేచి వచ్చి మణికట్టు పట్టుకున్నది. ఆమె వేళ్ళు మంచు లెక్క ఉన్నయి.

"వద్దు... పలుకొద్దు." గుసగుస. "అది మక్బూల్ అన్న కాదయ్యా. బావి అది. తీగలు దాని నోట్లనే పెట్టినవ్... నువ్వు కొడితె దానికే చేరుతది. పలికినోడు బాగుపడలే."

"ఆ దినం పలుకకుంటనే ఒకడు పోయిండు వినోదా."

"...ఏందీ?"

"వినబడ్డది నాకు. మొత్తం విన్న. పది నిమిషాలు పిలిచిండు. చెయ్యి గిట్లనే, గీ కీ మీదనే ఉండె. పలుకలే. భాబీకి అబద్ధం చెప్పిన."

వినోద ఆయన మొఖం దిక్కు చూసింది. బావి దిక్కు చూసింది. మెల్లగ... ఒక్కొక్క వేలు... మణికట్టు విడిచింది.

సదానందం కండ్లు మూసుకొని కొట్టిండు.

డిట్ — సందు మొత్తం నీలంగ మెరిసింది! డిట్ — మళ్ళ మెరిసింది! గోడలు, బండలు, బావి నోరు, అన్ని ఒక్క గడియ పీనుగు రంగుల కనబడి, మాయమైనయి. అదే గడియల గిర్ని గోడ అవతలకెళ్ళి ఒక కేక — "వామ్మో... సచ్చిన్రా!" — ఏదో ధబేల్మని పడ్డది.

తరువాత ఏం లేదు. కుక్క లేదు, గాలి లేదు, తట్టుడు లేదు. గడియారంల పది గంటల పన్నెండు నిమిషాలు.

తెల్లారేదాక ఆ ఇద్దరు లైటు ఆర్పలే, ఒకరి చెయ్యి ఒకరు విడువలే.

* * *

పొద్దు పొడిసినంక సదానందం సందులకు పోయిండు. మెకానిక్ గదా, పగటిపూట బుర్ర పని చేస్తది. గొట్టం కొసకు ఆనుకొని గోడ మీద ఎవరో ఎన్నడో పడేసిన పాత ట్యూబులైటు ఉన్నది. కీ కొట్టినప్పుడల్ల పొట్టి ఏంటెనా కొసన కరెంటు బలం ఎక్కువ ఉంటది, పక్కన ట్యూబు ఉంటె వైరు లేకున్నా వెలుగుతది. నీలం మెరుపు సంగతి తేలిపోయింది.

ఇగ ఆ కేక? బండ ఒకటి జరిపి టార్చి కొట్టిండు. బావి లోపల గిర్ని దిక్కు గోడకు ఒక బొక్క. బొక్కలకెళ్ళి ఒక నల్ల పైపు నీళ్ళల్లకు దిగి ఉన్నది. పైపు ఎంబడి పోతె... ఎనుక ఇంటి ఓంప్రకాశ్ వాకిలి. మోకాలికి పట్టీ కట్టుకొని, వాకిట్ల ఓంప్రకాశ్.

"అన్నా... జర లోపటికి రా. గట్టిగ మాట్లాడకు."

"పైపు ఎవనిది?"

"నాదే." తల వంచిండు. "పదేండ్లయితంది. వాడ బావి గదా, అడిగితె ఒప్పుకోరు. అందరు పండుకున్నంక, పది దాటినంక, చప్పుడు రాకుంట బస్తాలు కప్పి మోటరు వేస్త. వేసినప్పుడు పైపు గుంజుకొని బావి గోడకు రెండు సార్లు తాకుతది. జనం దయ్యమన్నరు. నేను... కాదనలే."

"మరి పాలాయన బర్రెలు?"

"గది నేనే పుట్టించిన."

"నిన్న నాలుగు సార్లు కొట్టింది?"

"స్టార్టరు ఒకసారి పట్టి విడిచిందన్నా, మళ్ళ వేసిన. ఏమైందో అని గిర్ని గోడ సందుల కన్ను పెట్టి చూస్తున్న... ఇంతల నీలం మంట! పదేండ్ల సంది నేను పుట్టించిన దయ్యం నిజంగనే పుట్టిందనుకున్న."

స్టార్టరు పట్టినప్పుడల్ల రెండు నిప్పు రవ్వలు లేస్తయి. ఆ రవ్వల చప్పుడు బావి తీగల ఎంబడి రేడియోలకు ఎక్కింది. టిక్ టిక్. అన్ని తేలిపోయినయి.

పది గంటల వరకు వాడంత బావి చుట్టూ చేరింది. పదేండ్ల భయం నవ్వులయి పోయింది. ఆడోళ్ళు ఓంప్రకాశ్‌ను తిట్టి తిట్టి అలిసిపోయి మళ్ళ తిట్టిండ్రు. పిల్లలు బండల మీద ఎగిరి దుంకిండ్రు. పాలాయన తన పరువు తిరిగి వచ్చిందని అందరికి చాయ్ తాపిచ్చిండు.

సదానందం ఒక్కడే నవ్వలే. గడప మీద కూసున్నడు. వినోద చాయ్ తెచ్చి పక్కన పెట్టింది.

"దయ్యం లేదని తేలింది గదా, ఇంకా ఏం ఫికరయ్యా?"

"దయ్యం ఉంటె బాగుండు." గొట్టం దిక్కు చూసుకుంట అన్నడు సదానందం. "నలభై దినాలకు నోరు తెరిచి, మోటరుకు బదులిచ్చిన."

చాయ్ చల్లారింది.

అప్పుడు ఫోన్ మోగింది. నిర్మల్‌కెళ్ళి. ఖుర్షీద్.

"భయ్యా... ఒక మాట అడుగుత, నవ్వొద్దు." ఆమె గొంతు వింతగ ఉన్నది. భయం కాదు. ఏడుపు కాదు. చానా దినాలకు నిద్రపోయి లేచిన మనిషి గొంతు. "ఆ కీ ఉన్నది గదా, చిలుక బొమ్మది. అది దాని అంతట అది కొట్టుకుంటదా?"

సదానందం లేచి నిలబడ్డడు.

"నిన్న రాత్రి కొట్టుకున్నది. టక్... టక్. రెండు సార్లు. గడియారం చూసిన, పది గంటల పన్నెండు నిమిషాలు. తరువాత ఎవరో కుర్చీ జరిపి లేచినట్టు అయింది... నాకు ఒక్కసారే నిద్ర ముంచుకొచ్చింది భయ్యా. ఇప్పుడే లేచిన."

"భాబీ... కీకి వైరు ఏమన్నా ఉన్నదా? బ్యాటరీ గిట్ల?"

"వైరు ఎక్కడిది భయ్యా? మా మనుమరాలు యుమ్నా, ఆయన పోయిన దినమే వైర్లన్ని తీసేసింది. రుమాలుల చుట్టి బీరువాల పెట్టి తాళం వేసిన. తాళం నా కొంగుకే ఉన్నది." జర ఆగింది. "చప్పుడు బీరువా లోపటికెళ్ళే వచ్చింది."

మోటరు సంగతి వాడంతకు తెలుసు, ట్యూబులైటు సంగతి మెకానిక్‌కు తెలుసు. ఈ బీరువా సంగతి చెప్పేటోడు మాత్రం ఇంత వరకు పుట్టలే. ఇంకా ఎవనికన్నా అనుమానం ఉంటె నిర్మల్ బస్సు ఎక్కుండ్రి. గడియారాల మక్బూల్ ఇల్లంటె ఎవరైనా చూపిస్తరు. తలుపు మెల్లగ తట్టుండ్రి... ఒక్కసారే తట్టుండ్రి, రెండు సార్లు తట్టొద్దు. కొంగుకు తాళం కట్టుకొని ఒక పెద్దమనిషి వచ్చి తలుపు తీస్తది. ఆమెనే అడుగుండ్రి. ఆమె పేరు ఖుర్షీద్ బేగం.